కడుపులో మాట

మన తెలుగువాళ్ళకు కడుపంటే అన్నం పడే సంచి మాత్రమే కాదు. కోపమొస్తే కడుపు మండుతుంది. దూరాన వున్న బిడ్డ ఇంటికొస్తే కడుపు నిండుతుంది. ఎవరి తప్పయినా కాస్తే "కడుపులో పెట్టుకున్నావు తల్లీ" అంటాం. ముసలమ్మలు దీవించేదీ "నీ కడుపు చల్లగా" అనే. ఇంటి గుట్టు బయట పెట్టాల్సొస్తే మాత్రం, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకుంటాం.

ఇన్ని మాటలు కడుపు చుట్టూ అల్లుకున్నాం గానీ, కడుపు తనంతట తానే మాట్లాడుతుందనీ, ఆ మాటలను రక్తంలో కలిపి వొంట్లోని మిగతా అవయవాలకు పంపుతుందనీ తెలిసింది ఈమధ్యనే. ఈమధ్య అంటే 1902లో. చరిత్రకు నూట ఇరవై యేళ్ళొక లెక్కా! ఆ మాటల కథే ఇవాళ చెప్పబోయేది. ఇందులో రాజులూ యుద్ధాలూ లేవు. ఇద్దరు బావాబావమరుదులు, వొక కుక్క, అరటిపండ్లు, కొందరు గట్టి ఆడవాళ్ళు వున్నారు.

మొదట బావాబావమరుదుల సంగతి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అని ఇద్దరు పరిశోధకులు వుండేవాళ్ళు. స్టార్లింగ్ తోడబుట్టిన గెర్ట్రూడ్‌ను బేలిస్ 1893లో పెళ్ళాడాడు. స్టార్లింగ్ అంతకు రెండేళ్ళ ముందే వొక స్నేహితుడి భార్యను, భర్త పోయిన ఫ్లారెన్స్‌ను చేసుకున్నాడు. మన వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించి అప్పటికి పదేళ్ళు. అక్కడ దానికి కర్రలు పట్టుకుని ఎవరూ రాలేదన్నది వేరే సంగతి.

ఆ రోజుల్లో జీర్ణం గురించి రష్యాలో పావ్లోవ్ చెప్పిందే వేదం. ఊరుబిండి పేరు చెబితే మన చిత్తూరువాళ్ళకు నోరూరుతుంది చూడండీ, అది నరాల పని. కడుపులో జరిగేదంతా అలాగే నరాల చలవేనని పావ్లోవ్ మాట. ఈ ఇద్దరూ దాన్ని పరీక్షించి చూశారు. 1902 జనవరి 16న మత్తిచ్చిన వొక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి నరాలన్నీ తెంచేసి, అందులో కాస్త ఆమ్లం పోశారు. నరాలే కబురు మోసేట్టయితే క్లోమం వూరుకోవాలి కదా. వూరుకోలేదు. చుక్కచుక్కగా రసం కార్చింది! అయితే కబురు రక్తంలోనే పోయుండాలి. వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుకతో ఆమ్లంతో నూరి, వడగట్టి, ఆ నీళ్ళను కుక్క రక్తనాళంలోకి ఎక్కించారు. క్లోమం మళ్ళీ రసం కార్చింది. ఆ నీళ్ళలోని పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి కబురు పదార్థాలన్నిటికీ కలిపి వొక గ్రీకు మాట వాడాడు: హార్మోన్. కదిలించేది, పురికొల్పేది అని అర్థం. ఇవాళ మనం ఇంట్లో ఎవరు చిరాకు పడినా "హార్మోన్లమ్మా" అంటుంటామే, ఆ మాట పుట్టిల్లు మెదడూ కాదు, గర్భాశయమూ కాదు. పేగు.

పావ్లోవ్‌గారి ప్రయోగశాలలోనూ ఇదే ప్రయోగం చేసి చూశారు. ఫలితం అదే వచ్చింది. ఆయన పెద్దమనిషి, వొప్పుకున్నాడు.

అదే 1902లో మనకు దగ్గరలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. అప్పుడు చిత్తూరు పేరుతో జిల్లా లేదు. చిత్తూరు వూరే ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. రాయవేలూరు ఆ జిల్లాలోదే. మన చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. ఆ వేలూరులో 1900లో వచ్చి దిగిన ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ, 1902లో నలభై పడకల ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. మగ డాక్టరుకు చూపించడం ఇష్టంలేక, ఆడ డాక్టరు దొరక్క, వొకే రాత్రి ముగ్గురు ఆడవాళ్ళు కాన్పులో పోవడం చూసి ఆమె వైద్యం చదివిందని ప్రసిద్ధి. లండన్‌లో పేగు మాట్లాడుతుందని తెలిసిన యేడే, ఇక్కడ ఆడది తన కడుపు నొప్పి చెప్పుకోవడానికి వొక చోటు దొరికింది. రెండూ పెద్ద సంగతులే. నన్నడిగితే రెండోదే ఇంకా పెద్దది.

ఇక కుక్క. 1903 ఫిబ్రవరిలో బేలిస్ విద్యార్థుల ముందు వొక కుక్క మీద ప్రయోగం చేసి చూపించాడు. చూసినవాళ్ళలో స్వీడన్ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలున్నారు. లిజీ లిండ్ అఫ్ హాగెబీ, లీసా షార్టౌ. కుక్కకు మత్తు సరిగా ఇవ్వలేదని వాళ్ళు డైరీలో రాసుకున్నారు. ఆ రాత ఆధారంగా జంతుహింసను వ్యతిరేకించే సంఘం పెద్ద వొకాయన సభలో మాట్లాడాడు. బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. రెండువేల పౌన్ల నష్టపరిహారం కాలేజీ పరిశోధనకే ఇచ్చేశాడు. అయినా కథ ముగియలేదు. 1906లో లండన్‌లోని బాటర్సీ పేటలో ఆ గోధుమరంగు కుక్కకు విగ్రహం పెట్టారు. మరుసటి యేడు వైద్య విద్యార్థులు దాన్ని పగలగొడతామని వీధుల్లో గొడవ చేశారు. 1910లో వొక రాత్రి పోలీసు కాపలాతో విగ్రహాన్ని గుట్టుగా ఎత్తేశారు. 1985లో మళ్ళీ కొత్త విగ్రహం పెట్టారు. న్యాయం ఎవరి పక్షమో మీరే తేల్చుకోండి. ఒకటి మాత్రం నిజం. బతికున్న ప్రాణిని కొయ్యకుండా పేగు మాట వినే దారి వుంటే బాగుండునని కోరుకున్నవాళ్ళు అప్పటినుంచే వున్నారు. ఆ దారి దొరకడానికి దాదాపు తొంభై యేళ్ళు పట్టింది. దొరికింది కూడా ఎవరూ ఊహించని చోట, వొక కణితిలో.

1907లో జర్మనీలోని మ్యూనిక్‌లో సీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డార్ఫర్ అనే డాక్టరు చిన్నపేగుల్లో శనగగింజంత గడ్డలు కొన్ని చూశాడు. చూడ్డానికి కాన్సరులా వున్నాయి, పెరగడం మాత్రం నత్తనడక. కాన్సరులాంటిదే గానీ కాన్సరు కాదనే అర్థం వచ్చేట్టు 'కార్సినాయిడ్' అన్నాడు. 1929లో మళ్ళీ తానే, ఇవి కొన్నిసార్లు వ్యాపిస్తాయి కూడా అని సవరించుకున్నాడు. హిట్లర్ వచ్చాక, యూదుడైనందుకు ఆయన ఉద్యోగం పోయింది. ఇస్తాంబుల్ చేరి అక్కడే పాఠాలు చెబుతూ 1944లో కన్నుమూశాడు.

ఈ గడ్డలు ఎక్కడినుంచి పుడతాయి? పేగు గోడలో అక్కడక్కడా, వంగతోటలో మిరపచెట్ల మాదిరి విడివిడిగా, కబురు పదార్థాలు తయారుచేసే కణాలుంటాయి. అవి దారితప్పి పెరిగితే ఈ గడ్డ. పుట్టిల్లు మారినా నేర్చుకున్న వంట మరవనట్టు, గడ్డగా మారినా ఆ కణాలు హార్మోన్ల తయారీ మానవు.

వాటిలో ముఖ్యమైన సరుకు సెరొటోనిన్. దీన్ని 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రక్తంనుంచి విడదీశారు. కసాయిఖానానుంచి వందల లీటర్ల పశురక్తం తెప్పించి, వడగట్టి, వడగట్టి, చివరికి చిటికెడు స్ఫటికాలు సంపాదించారు. ఆ ముగ్గురిలో ఆర్డా గ్రీన్ అనే ఆవిడ వొకరు. మెదడులోనూ అదే వుందని 1953లో చూపింది బెట్టీ ట్వారోగ్ అనే ఇంకొక ఆవిడ. అంతకు ముందే ఇటలీలో ఎర్స్‌పామెర్ పేగులోనుంచి తీసి వేరే పేరు పెట్టుకున్న పదార్థం కూడా ఇదేనని తేలింది. మనసును నడిపిస్తుందని ఇప్పుడందరూ చెప్పే సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు పేగులోనే వుంటుంది. కడుపులో బాధ అని మన పెద్దవాళ్ళు వూరికే అన్లేదు!

1953లో ఆస్ట్రియాలో లెంబెక్ ఈ గడ్డల్లో సెరొటోనిన్ దండిగా వుందని కనుక్కున్నాడు. 1954లో స్వీడన్ డాక్టర్లు రోగుల లక్షణాలన్నీ వొకచోట చేర్చారు. వున్నట్టుండి మొహం, మెడ ఎర్రగా కందిపోయి ఆవిరి కొట్టినట్టవడం, నీళ్ళ విరేచనాలు, పిల్లికూతల ఆయాసం, పోనుపోను గుండె కుడివైపు కవాటాలు బిరుసెక్కడం.

ఈ జాబితా చదవగానే మీకేదో తట్టి వుండాలి. మొహం కందడం, వేడి పొగలు రావడం. యాభై దగ్గరికొచ్చిన ప్రతి ఆడమనిషీ ఎరిగినదే. అక్కడే వుంది చిక్కు. నాకు తెలిసిన వొక పెద్దావిడకు అయిదేళ్ళపాటు మొహం కందేది, రోజుకు నాలుగైదుసార్లు బయటికి పోవాల్సొచ్చేది. ఇంట్లోవాళ్ళు "ముట్లుడిగే వయసు, అంతే" అన్నారు. చూసిన వైద్యులొకరు నరాల బలహీనతన్నారు, ఇంకొకరు పేగుల్లో అలజడన్నారు. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఎర్రబడ్డ మొహం చూసి జనం ఏమనుకుంటారోనని కొంగు కప్పుకునేది. చివరికి ఇంకేదో కారణానికి స్కాను తీస్తే పేగులో గడ్డ, కాలేయంలో దాని పిల్లలు బయటపడ్డాయి. వయసు ఆవిరికి సాధారణంగా చెమట పడుతుంది. ఈ గడ్డ తెచ్చే కందుడు చాలామటుకు పొడిగా వుంటుంది, తోడు విరేచనాలుంటాయి. తేడా ఇంతే. ఇది అరుదైన జబ్బు, మొహం కందినవాళ్ళంతా కంగారు పడనక్కర్లేదు. కానీ రెండూ కలిసి నెలల తరబడి వదలకపోతే "వయసు" అని సరిపెట్టుకోకూడదు.

పరీక్ష కూడా కష్టమైనదేం కాదు. సెరొటోనిన్ విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాన్ని, వొక రోజంతా పట్టిన మూత్రంలో కొలుస్తారు. ఇక్కడే అరటిపండ్లు వస్తాయి. అరటి, అనాస, టమేటా, అక్రోటులో సెరొటోనిన్ స్వయంగా వుంది. పరీక్షకు ముందు అవి తింటే లేని జబ్బు వున్నట్టు కనిపిస్తుంది. అందుకే రెండుమూడు రోజులు మానమంటారు. మదనపల్లె టమేటా లేకుండా మన వంటింట్లో మూడు రోజులు గడపడం పరీక్షకంటే కష్టం, అది వేరే మాట.

కడుపులో పుండు సంగతీ చూడండి. దక్షిణాదిలో అన్నం తినే ప్రాంతాల్లో పేగు పుండ్లు ఎక్కువని డాక్టర్లు చాలాకాలంగా రాస్తున్నారు. ఎవరెస్టు మీదికి 1922లోనూ 1924లోనూ ఎక్కబోయిన హోవర్డ్ సోమర్వెల్, తిరువాన్కూరులో ఆసుపత్రి ముందు నిలబడ్డ రోగులను చూసి ఈ దేశంలోనే వుండిపోయాడు. కడుపు ఆపరేషన్ల మీద 1948లో పుస్తకం రాశాడు. తర్వాత మన పక్కనున్న వేలూరులో పాఠాలు చెప్పాడు. ఆ పుండ్లలో చాలావాటికి కారణం వొక సూక్ష్మజీవి అని 1980లలో ఆస్ట్రేలియావాళ్ళు తేల్చారు. అయితే ఎన్నిసార్లు కోసినా మళ్ళీ మళ్ళీ వచ్చే పుండ్లు కొన్నుంటాయి. 1955లో అమెరికాలోని ఒహాయోలో జోలింజర్, ఎల్లిసన్ అనే సర్జన్లు ఇలాంటి ఇద్దరి కథ చెప్పారు. ఇద్దరూ ఆడవాళ్ళే, వొకామెకు ముప్ఫయ్యారు, ఇంకొకామెకు పంతొమ్మిది. తప్పు కడుపుది కాదు, క్లోమంలో దాక్కున్న గడ్డది. అది ఆమ్లం కార్చమని కడుపుకు రాత్రింబగళ్ళు ఆజ్ఞలు పంపుతోంది.

ఆ ఆజ్ఞ పేరు గాస్ట్రిన్. 1905లోనే ఎడ్కిన్స్ అనే ఆయన అలాంటి పదార్థం వుందన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆయన లండన్‌లో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు, 1940లో పోయాడు. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ కలిసి గాస్ట్రిన్‌ను శుద్ధిచేసి చూపాక గానీ ఆయన మాటకు విలువ రాలేదు.

సరే, కబుర్లున్నాయి. ఎన్నున్నాయో కొలిచేదెలా? గాస్ట్రిన్ లాంటివి రక్తంలో గ్రాములో లక్ష కోట్ల వంతుల లెక్కన వుంటాయి. ఏ త్రాసుకూ అందవు. ఆ కొలత కనిపెట్టింది రోజలిన్ యాలో. న్యూయార్కులో పేదింటి పిల్ల. ఫిజిక్సు చదువుతానంటే, ఆడపిల్లకు సీటెవరిస్తారని షార్ట్‌హ్యాండు నేర్చుకోమన్నారు. 1941లో ఇల్లినాయిలో సీటు రాగానే ఆ పుస్తకాలు చింపేసింది. అక్కడ నాలుగొందలమంది అధ్యాపకుల మధ్య ఆమె వొక్కతే ఆడది. తర్వాత మాజీ సైనికుల ఆసుపత్రిలో చీపుర్లు పెట్టుకునే గదిని ప్రయోగశాలగా మార్చుకుంది. ఇద్దరు బిడ్డల్ని పెంచుతూ, ఇంటి వంట వదలకుండా, బెర్సన్ అనే డాక్టరుతో కలిసి పనిచేసింది.

ఆమె పద్ధతిని మన బంతి భోజనంతో చెప్పొచ్చు. బంతిలో ఇరవై ఆకులే వేశారనుకోండి. మనం బ్యాడ్జీ పెట్టిన ఇరవైమందిని పంపాం. బయటినుంచి బ్యాడ్జీ లేని చుట్టాలు కూడా తోసుకొచ్చారు. చివరికి ఆకుల ముందు బ్యాడ్జీలు ఎన్ని తగ్గాయో లెక్కిస్తే, పిలవని చుట్టాలెందరో తెలుస్తుంది. బ్యాడ్జీ అంటే రేడియోధార్మిక గుర్తు, చుట్టాలు రోగి రక్తంలోని హార్మోన్. మొదట్లో పత్రికలు వాళ్ళ వ్యాసాన్ని తిప్పికొట్టాయి. 1977లో నోబెల్ బహుమతి వచ్చింది, వైద్యంలో అది పొందిన రెండో స్త్రీ ఆమె. బెర్సన్ 1972లోనే పోయాడు, పంచుకోలేకపోయాడు. తమ పద్ధతికి వాళ్ళిద్దరూ పేటెంటు తీసుకోలేదు.

కొలత దొరికాక, కణాన్ని నేరుగా అడిగి చూడడం మిగిలింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వైద్య విశ్వవిద్యాలయంలో సర్జన్లు వొక రోగి కార్సినాయిడ్ గడ్డనుంచి తీసిన కణాలను పెంచుతూ పోయారు. మనుషుల కణాలు గాజుపాత్రలో సాధారణంగా కొన్నాళ్ళకే అలసిపోతాయి. ఇవి అలసిపోలేదు. 1991లో వాటి వివరాలు ప్రకటించారు. బాన్ కణాలు అని పేరు. అవి సెరొటోనిన్ చేస్తాయి, క్రోమోగ్రానిన్ చేస్తాయి, ఇంకా కొన్ని హార్మోన్లు చేస్తాయి.

కణంలో హార్మోన్ వ్యవహారం మన తిరుమల లడ్డూ లాంటిదే. పోటులో లడ్డూలు కట్టి ట్రేలలో సర్ది కౌంటరు దగ్గరికి చేరుస్తారు. టోకెను చూపితే గానీ చేతికివ్వరు. కణం కూడా హార్మోన్‌ను ముందే తయారుచేసి, కంటికానని చిన్న చిన్న సంచుల్లో నింపి వుంచుకుంటుంది. ఆహారమో ఆమ్లమో టోకెను చూపగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. సంచులు గోడకు అంటుకుని బయటికి తెరుచుకుంటాయి. గడ్డలో జరిగేదేమంటే, టోకెను లేకుండానే కౌంటరు తెరుచుకుని పంచుతూ పోవడం. ఏ టోకెనుకు తెరుచుకుంటుంది, దేనికి మూసుకుంటుంది, ఇదే ప్రయోగశాలలో అడిగే ప్రశ్న. పళ్ళెంలో కణాల్ని కడిగి, ఉప్పునీళ్ళు పోసి, పరీక్షించే పదార్థం వొక చుక్క వేసి, కొన్ని నిమిషాలాగి, ఆ నీళ్ళలో ఎంత హార్మోన్ కారిందో కొలుస్తారు. 2001లో ఒహాయోలోనే హెలెన్ కుక్ బృందం బాన్ కణాల పళ్ళేన్ని మెల్లగా వూపి చూసింది. వూపితే చాలు, సెరొటోనిన్ వదిలాయి! చక్కెర తగిలినా వదిలాయి. అంటే ముద్ద దిగుతున్నప్పుడు పేగు గోడకు తగిలే రాపిడే వొక టోకెను. కుక్క లేదు, కత్తి లేదు. ఆ స్వీడన్ అమ్మాయిలు బతికుంటే ఏమనేవారో!

మూసే తాళం కూడా దొరికింది. 1973లో గిల్లెమిన్ బృందం గొర్రె మెదళ్ళనుంచి సొమాటోస్టాటిన్‌ను తీసింది. ఏ హార్మోన్ కణాన్నయినా "ఇక చాలు" అనేది అది. చిక్కేమంటే రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. 1980లలో దానికే మన్నిక పెంచి ఆక్ట్రియోటైడ్ అనే మందు చేశారు. 1988లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. ఇప్పుడు నాలుగు వారాలకొక ఇంజెక్షను చాలు, కందుడూ విరేచనాలూ చాలామందిలో తగ్గుతాయి. నేను చెప్పిన పెద్దావిడ అది మొదలుపెట్టాక మనవరాలి పెళ్ళిలో ముందు వరసలో కూచుంది, కొంగు కప్పుకోకుండా.

వంటింటికి పనికొచ్చే మాట ఇంకొకటి. క్రోమోగ్రానిన్ రక్తపరీక్ష ఈ గడ్డలకు వొక గుర్తు. కానీ పొద్దున్నే పరగడుపున చాలామంది మింగే గ్యాసు మాత్ర ఆమ్లాన్ని ఆపితే, కడుపు కంగారుపడి గాస్ట్రిన్ పెంచుతుంది, దానితో క్రోమోగ్రానినూ పెరుగుతుంది. పరీక్షకు పోయినప్పుడు ఆ మాత్ర సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఈ కథకు కొత్త కొమ్మ కూడా వేసింది. ఎలుక పేగు గడ్డ కణాలతో చేసిన ఇలాంటి పరిశోధనలే, అన్నం తిన్నాక పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను ఎలా వదులుతుందో తెలుసుకోవడానికి పనికొచ్చాయి. ఈమధ్య షుగరుకూ బరువుకూ అందరూ చెప్పుకుంటున్న ఇంజెక్షన్లు దాని నకళ్ళే. ఆ హార్మోన్ మీద 1980లలో మొదట పనిచేసినవాళ్ళలో స్వెత్లానా మొయ్‌సోవ్ వొకరు. పేటెంట్లలో ఆమె పేరు వదిలేస్తే, యేళ్ళ తరబడి పోరాడి చేర్పించుకుంది. 2024లో లాస్కర్ బహుమతి ముగ్గురికిచ్చినప్పుడు అందులో ఆమె పేరుంది.

1902లో మనకు ఆడ డాక్టరే అరుదు. ఇవాళ తిరుపతిలో 1960నుంచి వైద్య కళాశాల వుంది, 1993నుంచి స్విమ్స్ వుంది. చిత్తూరు దగ్గర వేలూరువాళ్ళ శాఖ కూడా వుంది. చెప్పుకోవడానికి చోటు లేదనే రోజులు పోయాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న సామెత ఇంటి గుట్టుకు వర్తిస్తుందేమో గానీ, జబ్బుకు వర్తించదు. మీ కడుపు నెలల తరబడి ఏదో చెబుతుంటే, ఇంటిల్లిపాదీ భోజనాలయ్యాక చూద్దాంలే అనుకోకుండా, ముందు దాని మాట వినండి.